కూలరున్న గదే ఇల్లు: పిల్లల ఎండకాలం సెలవుల్లో ఇల్లు సర్దుకోవడం ఎలా

మన తెలంగాణలో 2024లోనూ 2025లోనూ బడులకు ఎండకాలం సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా ఇచ్చారు. లెక్కేస్తే 49 రోజులు, సరిగ్గా ఏడు వారాలు. ఈ ఏడు వారాలూ ఇల్లు మామూలు రోజుల్లో లాగే ఉండాలని నేను రెండు మూడేండ్లు గొంతు చించుకున్నాను. పొద్దున ఊడ్చిన ఇల్లు పది గంటలకే అంగడిలా తయారయ్యేది. తర్వాత తర్వాత ఒక సంగతి అర్థమైంది. హన్మకొండలో మే నెల ఎండకు, పదకొండు దాటిందంటే ఇంటిల్లిపాదీ బతికేది ఒక్క గదిలోనే. అదే కూలరున్న గది. మిగతా ఇల్లంతా సాయంత్రం దాకా ఖాళీగానే పడి ఉంటుంది. ఇక ఇల్లంతా పట్టుకొని తిరగడం మానేసి ఆ ఒక్క గది మీద పడ్డాను. కింద చెప్పేదంతా ఆ లెక్కలోనే ఉంటుంది. ఏసీ ఉన్నవాళ్లు కూలరు అన్నచోటల్లా ఏసీ అని చదువుకోండి, నీళ్ల గొడవ ఒక్కటి తప్పుతుంది.

ముందుగా బ్యాగులు బోర్లించండి

సెలవులిచ్చిన రోజు సాయంత్రమే స్కూలు బ్యాగులు వరండాలో బోర్లించాలి, ఇంట్లోకి తేకముందే. రేపు చూద్దాంలే అంటే ఆ రేపు జూన్ 11 రాత్రి వస్తుంది. మా ఇంట్లో ఒక ఏడు అట్లాగే అయింది. పెద్దోడి బ్యాగు మంచం కిందికి పోయింది, మేమూ మరిచిపోయాం. జూన్‌లో తీస్తే టిఫిన్ డబ్బాలో చివరి రోజు పెట్టిన పులిహోర. మూత తీసే ధైర్యం ఎవరికీ లేక డబ్బాతో సహా పారేశాం. మంచి స్టీలు డబ్బా, ఇప్పటికీ పాణం ఉసూరుమంటుంది.

బోర్లించాక మూడు కుప్పలు చేయండి. జామెట్రీ బాక్సు, డిక్షనరీ, అట్లాసు లాంటివి మళ్లీ అక్కరకొస్తాయి, అవి ఒక సంచిలో వేసి సజ్జ మీద పెట్టేయండి. పాఠ్యపుస్తకాలు వెనక క్లాసు పిల్లలెవరికైనా పనికొస్తాయనుకుంటే ఆ వారంలోనే ఇచ్చేయాలి, లేకుంటే ఏడేండ్ల పుస్తకాలు ఇంట్లో పేరుకుపోతాయి. మూడో కుప్ప నోటుబుక్కులు. ఒక్కోదాంట్లో సగం పేజీలు తెల్లగానే ఉంటాయి. రాసినవి చింపి పాత పేపర్లవాడికి పెట్టండి, తెల్లవన్నీ పొందికగా పేర్చి దబ్బనంతో కుట్టండి. ఒక్కొక్కరికి ఒక లావుపాటి రఫ్ బుక్కు వస్తుంది. ఈ ఏడు వారాల బొమ్మలు, చుక్కలాట, అష్టాచెమ్మలో గెలుపోటముల లెక్క అన్నీ అందులోనే. కొత్త డ్రాయింగ్ పుస్తకాలు కొని ఇల్లంతా కాగితాలు పరుచుకునే బాధ తప్పుతుంది.

ఒక జాగ్రత్త. పేపర్లవాడికి వేసే ముందు ప్రతి పుస్తకాన్నీ తలకిందులుగా పట్టి దులపండి. ప్రోగ్రెస్ కార్డు, ఫీజు రసీదు, ఒక్కోసారి ఆధార్ జిరాక్సు కూడా ఆ పేజీల మధ్యలోనే దాక్కొని ఉంటాయి.

యూనిఫాం ఉతికి, ఇస్త్రీ జోలికి పోకుండా మడిచి పెట్టండి. జూన్‌కు పిల్లలు ఎట్లాగూ రెండు వేళ్ల పొడుగు పెరుగుతారు. బూట్లు కడిగి ఎండబెట్టి, లోపల పేపరు ఉండలు కుక్కండి. సాక్సుల మీద ఆశలు పెట్టుకోకండి.

కూలరున్న గదిని ఖాళీ చేయడం

ఇదే అసలు పని. ఒక ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టండి, రెండు మూడు గంటలు పడుతుంది. ఆ గదిలో ఉన్న టీపాయి, కుట్టు మిషను, గాజు బొమ్మలు, పగిలేవి, ఒరిగేవి అన్నీ పక్క గదిలోకి పోవాలి. ఆ పక్క గది గోదాములా కనిపించినా ఫర్వాలేదు, తలుపు మూస్తే సరి. ఉండాల్సినవి కూలరు, కింద పరిచే జంపఖానా, పిల్లలకు అందే ఎత్తులో ఒక అర, ఒక పెద్ద గంప, ఒక చెత్తడబ్బా. అంతే. మంచం తీయడానికి వీలుకాకపోతే గోడకు ఆనించండి.

పరుపు కాకుండా జంపఖానా ఎందుకంటే, కూలరు తేమకు పరుపు నాని పదిరోజుల్లో ముక్క వాసన పట్టుకుంటుంది. నూలు జంపఖానా దులిపితే దుమ్ము పోతుంది, ఎండలో వేస్తే గంటలో పొడిగా అవుతుంది, చుడితే మూలన నిలబడుతుంది. మనకు దూరం పోయే పని కూడా లేదు, వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద నేసినవే దొరుకుతాయి. వరంగల్ దరీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఐదుగురు పిల్లలు దాని మీద పడి పొర్లుతున్నప్పుడు ఆ గుర్తింపు సంగతి ఎవరికీ పట్టదనుకోండి, కానీ ఆ పొర్లాటకు తట్టుకునేది అదే.

ఆ జంపఖానా అంచే హద్దు. పగలంతా దాని మీద ఏమన్నా చేసుకోనివ్వండి. రంగుల పెన్సిళ్లు, బ్లాకులు, కత్తిరించిన కాగితాలు, సగం విప్పిన రిమోట్ కారు, ఏదైనా సరే, అంచు దాటకూడదు. సాయంత్రం ఐదున్నరకు నలుగురు పిల్లల్ని నాలుగు కొసల దగ్గర నిలబెట్టి పైకి లేపమనండి. సామానంతా జారి నడుమకు వచ్చి కుప్పగా పడుతుంది. ఆ కుప్పను గంపలోకి ఒంపడం, పైకి తేలిన కాగితపు ముక్కలు ఏరి చెత్తడబ్బాలో వేయడం, ఐదు నిమిషాల పని. మా ఇంట్లో అన్నిటికన్నా బాగా పనిచేసిన చిట్కా ఇదే, ఎందుకంటే పిల్లలకు అది పనిలా అనిపించదు. చిన్నదానికైతే ఆ ఊపులో తను కూడా నడుమ కూచుని జారాలని ఉంటుంది. ఒకసారి ఎక్కించుకున్నాం కూడా.

కూలరు సంగతి వేరేగా చెప్పాలి. నీళ్లు పోసేటప్పుడు ప్లగ్గు పీకే పోయాలి, స్విచ్చి ఆపితే సరిపోదు. ఇనుప బాడీ కూలర్లు ఎర్తింగు సరిగా లేకుంటే షాకు కొడతాయి, తడి చేతులతో, తడి నేల మీద చెప్పుల్లేకుండా ముట్టుకుంటే ఇంకా ప్రమాదం. పిల్లలు ఉత్సాహంగా బకెట్లు మోసుకొస్తారు, మోయనివ్వండి, పోయడం మాత్రం పెద్దవాళ్లే. సీజను మొదట్లో ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగు చూపించుకోవడం మంచిది.

కూలరుకు కిటికీ కావాలి. వెనక నుంచి బయటి గాలి అందాలి, ఎదురుగా ఇంకో కిటికీ గానీ తలుపు గానీ జానెడు తెరిచి ఉండాలి. అన్నీ బిగించి వేస్తే గాలి జిగటగా అవుతుంది, పుస్తకాల అట్టలు ఉబ్బుతాయి, అప్పడాలు మెత్తబడతాయి. ఇంకోటి, పుస్తకాల అర కూలరుకు ఎదురుగా పెట్టకండి. గాలికి ఎగిరిన పేక ముక్కలు, కాగితాలు ఏరడానికే రోజు గడిచిపోతుంది.

వారానికోసారి ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి. మేం శుక్రవారం పెట్టుకున్నాం, ఆ రోజు ఎట్లాగూ గడపలు కడుగుతాం. నీళ్లు మార్చడం ఒక్కటే చాలదు. డెంగీ దోమ గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన ట్యాంకు గోడలకు అంటుకొని ఉంటాయి, ఎండినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. కాబట్టి బ్రష్‌తో గోడలు రుద్ది, గుడ్డతో తుడిచి, కాసేపు ఆరనిచ్చి అప్పుడు నింపండి. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది, వారం దాటనివ్వొద్దు అనేది అందుకే. తీసిన నీళ్లు చెట్లకు పోయండి.

పనులకు ఎండే గడియారం

పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ఊడ్చుడు, తుడుచుడు, బట్టలు, వంట, నల్లా నీళ్లు పట్టుకోవడం, అన్నీ. మా వాడలో నల్లా పొద్దున్నే వస్తుంది, మీకు ఎప్పుడొస్తే దాన్ని బట్టి జరుపుకోండి. పదిన్నరకు పడమటి కిటికీల పరదాలు దించేయాలి. పదకొండు నుంచి ఐదు దాకా నేను ఏదీ సర్దను, ఎవరినీ సర్దమనను, చిందరవందరగా ఉందని నోరెత్తను. ఆ ఆరు గంటలు కళ్లు మూసుకుంటే పిల్లలతో సగం లొల్లి తగ్గింది. ఐదున్నరకు జంపఖానా ఎత్తుడు. ఆరుకు ఇంట్లో ఎవరో ఒకరు పిల్లల్ని తీసుకొని భద్రకాళి బండ్ దిక్కో పబ్లిక్ గార్డెన్ దిక్కో పోతే, మిగిలిన మనిషికి గంటసేపు ఖాళీ ఇల్లు దొరుకుతుంది. ఆ గంటలో ఇల్లు తుడవొచ్చు, లేదా ఉత్తగా చాయ తాగొచ్చు. నేను ఎక్కువసార్లు రెండోదే చేస్తాను.

పిల్లలకు పని చెప్పేటప్పుడు "ఇల్లు సర్దు" అనకండి. అది వాళ్లకు అర్థం కాదు, నిజానికి మనకూ అర్థం కాదు. ఒక వస్తువు పేరు పెట్టి చెప్పండి. ఐదేండ్ల పిల్లకు "గుమ్మం దగ్గరి చెప్పులు జతలుగా పెట్టు". ఎనిమిదేండ్లవాడికి "దండెం మీది బట్టల్లో నీవి తీసి మడత పెట్టు". పన్నెండేండ్లవాడికి రంజన్ (తాగేనీళ్ల మట్టికుండ) నింపడం, రాత్రి గేటుకు తాళం వేయడం. ఒక్కొక్కరికి ఒకే పని, సెలవులు అయిపోయేదాకా అదే పని. రోజుకొకరికి మార్చి చూశాను, నిన్న ఎవరి వంతు అన్న పంచాయితీకే పొద్దు గడిచింది.

ఆటసామాను

ఒకటి లోపలికి పోతేనే ఇంకోటి బయటికి. ఇది చెప్పినంత సులువు కాదు గాని, ఆటసామాను గంపను పిల్లల చేతికి కాకుండా అటక మీదికి చేర్చి, అడిగినప్పుడు ఒక్కొక్కటి దించితే దానంతటదే అలవాటవుతుంది.

క్యారంబోర్డు ఆ గదిలో వద్దు. బోరిక్ పౌడరు కూలరు గాలికి లేచి అందరి మీదా పడుతుంది, పైగా కడుపులోకి పోతే చిన్నపిల్లలకు మంచిది కాదు. సాయంత్రం వరండాలో, కింద పాత పేపరు పరిచి ఆడుకోమనండి. డబ్బా మీ దగ్గరే ఉంచుకోండి.

పగటిపూటకు అష్టాచెమ్మను మించింది లేదు. నేల మీద సుద్దతో గీసుకుంటే చాలు, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, సర్దాల్సిన సామానే ఉండదు. గవ్వల బదులు చింతగింజలు. మా అత్తమ్మ పిల్లలకు వాటిని అరగదీయడం నేర్పింది: గింజను వేలికొసతో అదిమిపట్టి, రెండు చుక్కల నీళ్లు వేసి, గరుకు రాయి మీద ఒకే దిక్కు రుద్దాలి. నల్లటి పొట్టు పోయి, ఒక పక్క తెల్లగా బల్లపరుపుగా వచ్చేదాకా పావుగంట పడుతుంది, గింజ వేడెక్కి వేలు చుర్రుమంటుంది. నాలుగు గింజలకు ఒక మధ్యాహ్నం గడిచిపోతుంది. రాయి మీదే రుద్దమని గట్టిగా చెప్పండి. మావాళ్లు ఒకసారి టైల్సు మీద రుద్దారు, ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి, చుట్టాలొచ్చినప్పుడు వాటి మీద చాప వేస్తాను.

ఫోన్లు, ట్యాబులకు నేను గంటల లెక్క పెట్టను, చోటు లెక్క పెడతాను. చార్జరు వంటింట్లో ఒక్కచోటే ఉంటుంది. చార్జింగు అయిపోయిందా, పోయి అక్కడ పెట్టి రావాలి. వంటింట్లో ఉక్కపోతకు నిలబడి చూసేవాళ్లు ఎవరూ లేరు.

గ్లాసులు, ఆకలి, తొక్కు

ఒకరోజు విసుగొచ్చి లెక్కపెట్టాను. సాయంత్రానికి సింకులో ఇరవై మూడు గ్లాసులు, ఇంట్లో ఉన్నది ఆరుగురం. ఆ మర్నాడు ఒక్కొక్కరికి ఒక స్టీలు గ్లాసు ఇచ్చి, మెడకు ఒక్కో రంగు రబ్బరు బ్యాండు వేశాం. రంజన్ పక్కన ఒక పళ్లెంలో అవి బోర్లించి ఉంటాయి. తాగినవాళ్లు కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. మిగతా గ్లాసులు బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇది కాస్త దౌర్జన్యమే.

"అమ్మా, ఆకలైతాంది" అన్న మాట పొద్దున పది నుంచి మొదలై రాత్రి దాకా వినిపిస్తుంది. దానికి ఒక డబ్బా పెట్టండి. పొద్దున్నే అందులో ఆ రోజుకు సరిపడా అటుకులు, పల్లీలు బెల్లం, మురుకులు, ఏముంటే అవి వేసి పెట్టి, అయిపోతే మళ్లీ రేపే అని చెప్పండి. సల్ల (మజ్జిగ) మాత్రం ఎంత తాగితే అంత, ఒక కుండలో ఉప్పు వేసి సిద్ధంగా ఉంచండి. ఫ్రిజ్ తలుపు గంటకు నాలుగుసార్లు తెరవడం తగ్గుతుంది.

మామిడి తొక్కలు, ముంజల డొప్పలు ఇంట్లో రెండు గంటలు ఉన్నాయంటే ఈగలు ముసురుతాయి. ముంజలు, మామిడిపండ్లు తినడం వరండాలో బకెటు చుట్టూ కూచొనే జరగాలి, తిన్నాక ఆ బకెటు నేరుగా బయటికి. మామిడిరసం పడ్డ బనీన్లను అప్పుడే నీళ్లలో వేయకుంటే మరక పోదు. అందుకే మా ఇంట్లో మామిడిపండుకు ఒక పాత బనీను యూనిఫాం ఉంది.

తొక్కు, అంటే మామిడికాయ పచ్చడి, పెట్టే రోజు ముందుగానే అనుకొని, అది వారం నడుమలో వచ్చేలా చూసుకోండి. ఆ రోజు పొద్దున ఐదున్నరకే మొదలుపెడితే ఎండ ముదరకముందు అయిపోతుంది. పిల్లలకు పనికొచ్చే పని ఉంది: కడిగి ఆరబెట్టిన మామిడి ముక్కలను పొడిగుడ్డతో ఒక్కొక్కటి తుడవడం, టెంకకు అంటుకున్న సన్నటి పొర ఊడదీయడం. తడి మిగిలిందంటే తొక్కు బూజు పడుతుంది, ఆ మాట వాళ్లకు చెప్పండి, బాధ్యతగా తుడుస్తారు. ఎల్లిగడ్డ పొట్టు తీయడం కూడా ఇవ్వొచ్చు, పొట్టు ఎగరకుండా చాటలో పెట్టి. కారం కలిపేటప్పుడు మాత్రం పిల్లల్ని కూలరు గదిలోకి పంపి తలుపు వేయండి. ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే చపాటా మిర్చి ఘాటు తక్కువే గాని రంగు మహా గట్టిది. ఆ ఎర్ర చెయ్యి ఒక్కసారి జంపఖానాకు తగిలితే వచ్చే ఏడాది తొక్కు పెట్టేదాకా ఆ మరక చూస్తూ ఉండాల్సిందే.

మిరపకాయలు, వడియాలు డాబా మీద ఎండబెడుతుంటే కాపలా వంతు కూడా వేయండి. మా దిక్కు డాబా మీద ఏదైనా ఆరేయడం అంటే కోతులకు విందు పిలుపే. పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత మాత్రమే పిల్లల కాపలా, నడిఎండలో పాతచీర కప్పి బరువు పెట్టి కిందికి వచ్చేయాలి. కర్ర పట్టుకొని కోతికి ఎదురుపోవద్దని ముందే చెప్పండి.

చెల్లె పిల్లలు వచ్చినప్పుడు

"అక్కా, రేపు పిల్లలను పంపుతాన్న" అని చెల్లె ఫోన్ చేసిందంటే ఇంట్లో చెప్పులు ఇరవై అవుతాయి. కాజీపేట స్టేషన్ నుంచి ఆటో దిగే లోపల రెండు పనులు చేసి పెట్టుకోండి. ఒకటి, వాళ్ల బ్యాగులు పెట్టడానికి గోదాము గదిలో ఒక మూల. వచ్చినవాళ్ల బట్టలు మన పిల్లల బీరువాలో కలపకండి, వెళ్లేటప్పుడు వెతుకులాట తప్పుతుంది. ఒక్కొక్కరికి ఒక గుడ్డసంచి ఇస్తే విడిచిన బట్టలు అందులో, ఉతికినవి బ్యాగులో. రెండోది, తువ్వాళ్లు. ఎవరి తువ్వాల ఎవరిదో తేలేలా అంచుకు రంగుదారంతో నాలుగు కుట్లు వేయండి, గ్లాసు రబ్బరు బ్యాండు రంగే అయితే ఇంకా మంచిది.

రాత్రి డాబా మీద పడుకునే ఇండ్లలో అసలు చిక్కు పక్కబట్టలది. పైకి మోసేటప్పుడు అందరూ ఉంటారు, పొద్దున కిందికి తేవాలంటే ఒక్కరూ ఉండరు. ఆఖరున లేచినవాళ్లే చెద్దర్లన్నీ మడవాలి అన్నాం. అప్పటినుంచి ఆరింటికే అందరూ లేస్తున్నారు. మే నెలలో సాయంత్రం ఒక్కసారిగా గాలిదుమారం లేచి, దాని వెనకే వాన రావడం మనకు మామూలే. అందుకని పక్కలు మబ్బు చూశాకే పైకి తీసుకుపోండి. కరెంటు పోతే చేతికి అందేలా ఒక టార్చి మెట్ల దగ్గర మేకుకు వేలాడదీసి ఉంచండి, దాంతో ఎవరూ ఆడకూడదు.

ఊరికి పోయే ముందు

అమ్మమ్మగారింటికి వారం పోతున్నారనుకోండి. కూలరు ట్యాంకు ఖాళీ చేసి ఆరబెట్టండి, బకెట్లు బోర్లించండి, పూలకుండీల కింది పళ్లాల్లో నీళ్లు పారబోయండి. గ్యాసు రెగ్యులేటరు కట్టేయండి. ఫ్రిజ్‌లో పాలు, పండిన పండ్లు పక్కింటివాళ్లకు ఇచ్చేయండి. చెత్తడబ్బా ఖాళీ అయిందో లేదో తాళం వేసే ముందు మీరే చూడండి, పిల్లలు "పారేసినం" అన్నా సరే.

మిరుగం లోపల

రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది, జూన్ 7, 8 తారీఖుల్లో మిరుగం, అంటే మృగశిర కార్తె, వస్తుంది. బడులు తెరిచేది ఆ తర్వాత నాలుగైదు రోజులకే. కాబట్టి మిరుగాన్నే గడువుగా పెట్టుకోండి. మే చివరి వారంలో పాత యూనిఫాం, బూట్లు వేసి చూడండి. పట్టకపోతే అప్పుడే టైలరుకు కొలతలు ఇవ్వాలి, జూన్ రెండో వారంలో ఏ టైలరూ మాట మీద నిలబడడు. సజ్జ మీది సంచి దించి జామెట్రీ బాక్సులో ఏం తక్కువయ్యాయో రాసుకోండి. రాత్రి పడుకునే వేళను రోజుకు పావుగంట చొప్పున ముందుకు జరపండి, ఒక్కసారిగా తొమ్మిదింటికి పడుకోమంటే ఎవరూ పడుకోరు.

వానలు నిలకడగా పడ్డాకే కూలరు ఎత్తిపెట్టండి. గడ్డి తీసి పారేయండి, వచ్చే ఏటికి దాచుకుంటే అందులో పురుగు చేరుతుంది. ట్యాంకు రుద్ది, ఎండ దొరికిన రోజు చూసి ఆరబెట్టి, పాత చెద్దరు కప్పండి. పంపు మోటరును విప్పి డబ్బాలో వేసి వేరుగా పెట్టాలి. మేం ఒక ఏడు ట్యాంకులోనే వదిలేశాం, ఎలుకలు వైరు కొరికేశాయి, ఒంటిపూట బడులు మొదలైన వారంలో కొత్త పంపు కొనాల్సి వచ్చింది.